చీలమండకు లోపలి వైపు

ఆసుపత్రిలో ఆయన్ని పేరు పెట్టి పిలిచేవాళ్ళు తక్కువ. ఛాతీ ఎక్స్‌రేకి వచ్చిన ప్రతి మనిషితోనూ “ఊపిరి బిగపట్టండి... ఆఁ, ఇక వదలండి” అని ఇరవై ఆరేళ్ళుగా ఒకే రాగంలో అంటూ ఉండటంతో అందరికీ ఊపిరాయన అయిపోయాడు. జీతం కాగితం మీద తప్ప అసలు పేరు ఎక్కడా మిగల్లేదు.

ఎక్స్‌రే గది కింది అంతస్తులో నడవా చివర ఉంటుంది. కిటికీ లేదు. తలుపుకు సీసపు రేకు తాపడం చేశారు కాబట్టి భుజం పెట్టి తోస్తే గానీ తెరుచుకోదు. లోపల ఒక బల్ల, దాని మీద పట్టాల వెంట అటూ ఇటూ జరిగే యంత్రం, గాజు పలక వెనక కంప్యూటరు. మీట నొక్కితే బల్ల మీద ఒక వెలుగు చదరం పడుతుంది. ఆ చదరంలో ఎంత మేర ఉంటే అంత మేరే బొమ్మ వస్తుంది. దాన్ని పెంచడం, తగ్గించడం ఊపిరాయన చేతిలో పని. ఎంత మేర అన్నది మాత్రం ఆయన చేతిలో లేదు. చీటీలో ఏది రాస్తే అదే తీయాలి. మణికట్టు అంటే మణికట్టే, మోచెయ్యి కాదు. తీసిన బొమ్మ మీద నోరు మెదపకూడదు.

పదకొండేళ్ళ కిందట ఒకసారి మెదిపాడు. సైకిలు మీంచి పడ్డ ఒక పెద్దాయన “ఏమైంది బాబూ?” అని బతిమాలుతుంటే, “భుజం ఎముక చిట్లిందండీ” అని నోరు జారాడు. తీరా డాక్టరు చూస్తే అది ఎప్పటిదో పాత దెబ్బ. ఒకళ్ళు విరిగిందంటారు, ఒకళ్ళు లేదంటారు, ఇదేం ఆసుపత్రి అని పెద్దాయన కొడుకులు నడవా అంతా ఏకం చేశారు. మర్నాడు ఊపిరాయన చేతిలో మెమో పడింది. “నీ పని బొమ్మ తీయడం, చదవడం కాదు” అన్నది అందులోని సారాంశం. తప్పు తనది కాబట్టి ఎదురు చెప్పలేకపోయాడు. ఆ రోజు నుంచి ఎవరేమడిగినా “డాక్టరుగారు చెప్తారు” అన్న ముక్క తప్ప ఆ నోట ఇంకో మాట రాలేదు.

ఒక సోమవారం పొద్దున్నే మూటలక్కను చక్రాల కుర్చీలో తోసుకొచ్చారు.

మూటలక్క ఆ ఆసుపత్రి లాండ్రీలోనే పని చేస్తుంది. వార్డుల్లో మాసిన దుప్పట్లను మూటలు కట్టి, బండికెత్తి, వాలు దారి మీదుగా వెనక షెడ్డుకు తోసుకెళ్తుంది. నలభై దాటిన మనిషి. భర్త లారీల వర్క్‌షాపులో వెల్డరు. నడవాలో ఆమె బండి చప్పుడు కన్నా ఆమె గొంతు ముందు వినపడుతుంది. అలాంటి మనిషి ఆ రోజు పళ్ళు బిగించి కూర్చుంది.

“ఏం చేసుకున్నావమ్మా?” అన్నాడు ఊపిరాయన.

“నేనేం చేసుకోలేదన్నా, బండి చేసింది. వాలులో తన్నుకుంటూ పోయింది. ఆపుదామని కాలు అడ్డం పెట్టాను. కాలేమో కాలవ జాలీలో ఇరుక్కుంది. బండి నన్ను గిర్రున తిప్పేసింది. నేను ఇటు తిరిగాను, పాదం అటే ఉండిపోయింది.”

బల్ల ఎక్కించి కట్టు విప్పాడు. చీలమండకు బయటివైపు ఓ మాదిరిగా వాచింది. లోపలివైపు మాత్రం ఎముక గుబ్బ కనపడనంతగా పొంగి, కింద నీలం తేలింది.

“అందరూ బయటే నొక్కుతున్నారన్నా. నొప్పి ఇక్కడ, లోపల” అంది వేలు పెట్టి చూపిస్తూ.

“డాక్టరుగారికి చెప్పావా?”

“చెప్పాను. బెణికితే రెండు వైపులా నొప్పిగానే ఉంటుందమ్మా అన్నారు.”

చీటీలో ‘చీలమండ, ముందు నుంచి, పక్క నుంచి’ అని ఉంది. ఊపిరాయన వెలుగు చదరాన్ని చీలమండకు సరిపెట్టి రెండు బొమ్మలూ తీశాడు. తెర మీద చూశాడు. ఎముకలన్నీ దేనికది శుభ్రంగా ఉన్నాయి. కాకపోతే లోపలి గుబ్బకూ, దాని పక్కన ఇమిడి ఉండే ఎముకకూ మధ్య సందు ఓ వెంట్రుక వాసి ఎక్కువుందేమో అనిపించింది. పాదం కాస్త పక్కకి ఒరిగినా అలా కనపడొచ్చు. అనుమానం కన్నా తక్కువ, ఏమీ లేదనుకోవడానికి ఎక్కువ.

ఏమీ అనలేదు. బొమ్మలు పైకి పంపించాడు.

క్యాజువాల్టీలో డ్యూటీ డాక్టరు కుర్రవాడు, బుద్ధిమంతుడే. ఆ పూట అరవై మందిని చూశాడు. “ఎముక విరగలేదమ్మా, ఒట్టి బెణుకు” అని బ్యాండేజీ చుట్టి, అయిదు రోజులు విశ్రాంతి రాసి పంపించేశాడు.

అయిదు రోజులయ్యాక మూటలక్క పనిలోకొచ్చింది. నడుస్తోంది గానీ పాదం ముందుకు ఆనించి నెట్టలేకపోతోంది. బండి తోయాలంటే కాలి వేళ్ళ మీద బలం పెట్టాలి కదా, అక్కడికొచ్చేసరికి చీలమండ లోపలికి జారిపోతున్నట్టు ఉంటోంది. లాండ్రీ సూపర్వైజరు రెండు రోజులు ఓపిక పట్టాడు. మూడో రోజు అందరి ముందూ అనేశాడు.

“ఎక్స్‌రే నార్మల్ అని రాశారు. మరి ఈ కుంటుడేంటి? నడవాలో జనం ఉన్నప్పుడు ఒక నడక, లేనప్పుడు ఒక నడకా?”

పన్నెండో రోజున ఆమె మళ్ళీ క్యాజువాల్టీకి వెళ్ళింది. అదే డ్యూటీ డాక్టరు అదే చీటీ రాశాడు. ఆ చీటీ చూడగానే ఊపిరాయనకు ఒళ్ళు మండిపోయింది. అదే కాలు, అదే బల్ల, అదే చదరం. అదే బొమ్మ కాక ఇంకేం వస్తుంది? మూటలక్కను బల్ల మీదే కూర్చోమని, చీటీ పట్టుకుని పైకి వెళ్ళాడు. పదకొండేళ్ళ తర్వాత ఒక డాక్టరు ముందు నోరు విప్పడం అదే.

“సార్, ఒకసారి నిలబెట్టి తీద్దామా? రెండు కాళ్ళూ పక్కపక్కన పెట్టి.”

“ఎందుకు?”

“పడుకుంటే కాలి మీద బరువుండదు కదండీ. ఎముకలు వాటి చోట్లో అవి సర్దుకుంటాయి. బరువు పడితే గానీ లోపలి పట్టు ఉందో ఊడిందో తెలీదు.”

“దెబ్బ తగిలిన కాలి మీద నిలబెడతావా? ఇంకేమన్నా అయితే?”

“ఏమీ కాలేదన్నారు కదండీ.”

డాక్టరు మొహం ఎర్రబడింది. పక్కన నర్సు నవ్వు ఆపుకోవడం ఊపిరాయనకు కనపడింది, డాక్టరుకూ కనపడింది. అదే కొంప ముంచింది.

“చూడండి, మీ పని మీరు చెయ్యండి. చదవడానికి మేమున్నాం.”

కిందికొచ్చి పడుకోబెట్టే తీశాడు. నార్మల్ అనే వచ్చింది.

ఆ సాయంత్రం ఇంట్లో భార్య జవాబు పత్రాలు దిద్దుకుంటోంది. ఆమె బడిలో లెక్కల టీచరు. ఊపిరాయన చెప్పులైనా సరిగా విడవకుండా ఆమె ముందు పీట వేసుకుని కూర్చుని, “కాలు ఇలా పెట్టు, ఒకటి చూపిస్తాను” అని పాదం పట్టుకున్నాడు.

“బాగుంది సంబడం. ఎవరైనా చూస్తే నేను మిమ్మల్ని సాధిస్తున్నాననుకుంటారు.”

“విను ముందు. బయటివైపు ఎముకల్ని కట్టి ఉంచేవి మూడు సన్నటి పట్టీలు. పాదం లోపలికి మడతపడితే దెబ్బతినేది అవే. నూటికి తొంభై బెణుకులు ఆ రకమే. అందుకే ఏ డాక్టరు వేలైనా ముందు అక్కడికే పోతుంది. లోపలివైపు ఉండేది వేరు. విసనకర్రలా పరుచుకుని దళసరిగా ఉంటుంది. అంత సులువుగా తెగదు. పాదం బయటికి తిరిగిపోతేనే దానికి దెబ్బ. దానికి దెబ్బ తగిలిందంటే తోడుగా ఇంకేదో కూడా దెబ్బతినే ఉంటుంది. ఆవిడ చెప్తోంది కదా, నేను ఇటు తిరిగాను, పాదం అటుండిపోయిందని! ఇంతకన్నా ఎవరు మాత్రం ఎలా చెప్తారు?”

“అబ్బా, కాలు వదలండి, నాకూ బెణికేట్టుంది. ఇదంతా నాకెందుకు చెప్తున్నారు? చెప్పాల్సిన వాళ్ళకి చెప్పండి.”

“చెప్తే వింటేగా!”

“మళ్ళీ చెప్పండి. భిన్నాలు నేను క్లాసులో ఏడుసార్లు చెప్తాను. ఏడోసారికి కూడా సగం మంది గోడ వైపే చూస్తుంటారు. అలాగని మానేస్తానా?”

“నీకు సుద్దముక్క చేతికిచ్చి చెప్పమన్నారు. నన్ను చెప్పొద్దని కాగితమిచ్చారు” అన్నాడు ఊపిరాయన. భార్య ఎర్ర కలం పక్కన పెట్టి ఆయన వంక చూసింది.

మర్నాటి నుంచి ఆయన చీటీ కోసం తిరగడం మొదలుపెట్టాడు. ఆ ఆసుపత్రికి ఎముకల డాక్టరమ్మ గురువారాలు మాత్రమే వస్తుంది. ఆవిడ దగ్గరికి పంపించే కౌంటరులో గుమాస్తా కళ్ళజోడు పైకి తోసుకుని చెప్పాడు.

“ఎక్స్‌రేలో తేడా ఉన్న కేసులే పంపమన్నారండీ.”

“తేడా కనపడాలంటే నిలబెట్టి తియ్యాలయ్యా. నిలబెట్టి తియ్యాలంటే డాక్టరు రాయాలి. క్యాజువాల్టీ డాక్టరు రాయనన్నాడు. డాక్టరమ్మ రాయాలి.”

“అయితే రాయించుకురండి.”

“ఆవిడ దగ్గరికి వెళ్ళాలంటే?”

“తేడా ఉండాలి.”

గుమాస్తా వెటకారం ఆడటం లేదు. నిజంగానే దారి చెప్తున్నాననుకుంటున్నాడు. ఊపిరాయనకు ఆ కౌంటరు అద్దాన్ని తలతో బాదాలనిపించింది.

సూపరింటెండెంటు గారిని కలుద్దామంటే మీటింగులో ఉన్నారన్నారు. రెండోసారి వెళ్తే రౌండ్లలో, మూడోసారి సెలవులో. ఉత్తరం పెట్టమన్నారు. పెట్టాడు, ఒకటిన్నర పేజీ, అక్షరం కొట్టివేత లేకుండా. తొమ్మిది రోజులకు అది తిరిగొచ్చింది. అడుగున ఎర్ర సిరాతో ‘సంబంధిత వైద్యుని అభిప్రాయం తీసుకోవలెను’ అని ఉంది. సంబంధిత వైద్యుడు ఎవరయ్యా అంటే, మళ్ళీ ఆ డ్యూటీ డాక్టరే.

ఈలోగా మూటలక్క రోజూ కుంటుతూనే మూటలు మోస్తోంది. బండి తోయలేదు కాబట్టి సూపర్వైజరు ఆమెను మెట్ల పనికి వేశాడు. పై అంతస్తు నుంచి మూట భుజాన వేసుకుని దిగాలి. ఒకరోజు భోజనాల వేళ ఎక్స్‌రే గది ఖాళీగా ఉన్నప్పుడు వచ్చి తలుపు దగ్గర కూలబడింది.

“అన్నా, ఇప్పుడెవరూ లేరుగా. నిలబడతాను, తీసెయ్. ఎవరికి తెలుస్తుంది?”

ఊపిరాయన యంత్రం వంక చూశాడు. రెండు నిమిషాల పని. రెండు నిమిషాలు కూడా కాదు.

“తీయకూడదమ్మా. చీటీ లేకుండా ఆ కిరణాలు ఎవరి ఒంటి మీదికీ పంపకూడదు. ఇవాళ నీకు తీస్తాను, రేపు ఇంకెవరో వస్తారు. నా చేతికి అది అలవాటు కాకూడదు.”

“అంతేలే” అంది. కోప్పడుతుందనుకున్నాడు, పడలేదు. కాసేపు పాదాన్ని నిమురుకుంటూ కూర్చుని, “నాకూ అనుమానమొస్తోందన్నా. ఇంతమంది ఏమీ లేదంటుంటే నేనే నాటకమాడుతున్నానేమోనని. నిన్న ఇంట్లో ఒక్కదాన్నే ఉన్నప్పుడు మామూలుగా నడిచి చూశాను, నిజంగా నొప్పి ఉందా లేదా అని” అంది.

“ఉందా?”

“ఉంది. అయినా నమ్మకం కుదరలేదు.”

ఆ మాట ఊపిరాయన గుండెలో ముల్లులా దిగింది. చీటీ లేదని తిప్పి పంపినందుకు తప్పు చేయలేదని ఆయనకు తెలుసు. తప్పు చేయలేదన్న సంగతే ఇంత చేదుగా ఉంటుందని మాత్రం అంతకు ముందు తెలీదు.

ఆ గురువారం కౌంటరుకు వెళ్ళలేదు. డాక్టరమ్మ చివరి రోగిని చూసి చేతులు కడుక్కునే వేళకు, మూటలక్కను వెంటబెట్టుకుని, రెండు ఎక్స్‌రే కవర్లు చంకన పెట్టుకుని ఆవిడ గుమ్మంలో నిలబడ్డాడు. అటెండరు చెయ్యి అడ్డం పెట్టాడు. “నా మీద రాసుకో, మెమో ఇప్పించు” అని ఆ చెయ్యి తోసేశాడు. జన్మలో ఎవరి చెయ్యీ తోసి ఎరగని మనిషి.

ఎముకల డాక్టరమ్మకు అరవై దగ్గర పడుతుంటాయి. ముక్కుసూటి మనిషని పేరు. “ఏంటి దండయాత్ర?” అంది తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ. ఊపిరాయన గడగడా చెప్పబోతే ఆపేసింది. “మీరు కాదు. కాలు ఎవరిదో వాళ్ళు చెప్పాలి.”

మూటలక్క చెప్పింది. నోటితో చెప్తే చాల్లేదు. డాక్టరమ్మ తన కుర్చీనే బండి అనుకోమని, ఎలా తిరిగిందో చేసి చూపించమంది. మూటలక్క గోడ పట్టుకుని చూపించింది. డాక్టరమ్మ చూపు ఆమె మొహం మీద లేదు, పాదం మీదే ఉంది.

“ఒక్క వేలితో చూపించు. సరిగ్గా ఎక్కడ?”

మూటలక్క కుర్చీలో కూర్చుని లోపలి గుబ్బకు కొంచెం కింద వేలు పెట్టింది. డాక్టరమ్మ వెంటనే అక్కడ నొక్కలేదు. బయటి నుంచి మొదలుపెట్టి, ఒక్కొక్క పట్టీ తడిమి, చివరికి లోపలికి వచ్చింది. మూటలక్క కుర్చీ చేతుల్ని గట్టిగా పట్టుకుంది. తర్వాత ఒంటికాలి మీద మడమ లేపమంది. డాక్టరమ్మ రెండు చేతులూ పట్టుకుంటే, అతికష్టం మీద లేచింది.

“కండ పని చేస్తోంది. సమస్య దానిది కాదు” అని డాక్టరమ్మ తనలో తను అనుకున్నట్టు అంది. అటుపైన పిక్క దగ్గర రెండు ఎముకల్నీ అరచేతులతో దగ్గరికి అదిమింది. ఆ తర్వాత వేళ్ళతో ఎముక వెంట పైకి, ఇంకా పైకి, మోకాలి కింద దాకా పోయింది. అక్కడ బయటివైపు బొటనవేలు పెట్టగానే మూటలక్క కెవ్వుమంది.

“ఇక్కడ కూడా నొప్పి ఉందని ఎవరికీ చెప్పలేదేం?”

“కుంటుతున్నాను కదమ్మా, పట్టేసిందనుకున్నాను. ఎవరూ ఇంత పైకి రాలేదు కూడా.”

డాక్టరమ్మ చీటీ రాసింది. రెండు చీలమండలూ, నిలబెట్టి. కుడి కాలు మోకాలి నుంచి కింది దాకా మొత్తం.

రెండు మెట్ల పీట ఎక్కించి, కమ్మీ పట్టుకోమని, రెండు పాదాల మీదా సమానంగా బరువు వేయమని చెప్పి ఊపిరాయన మీట నొక్కాడు. బొమ్మ తెర మీదికొచ్చింది. ఎడమ కాలిలో సందు అంతటా ఒకే మందంలో సన్నటి గీతలా ఉంది. కుడి కాలిలో లోపలి గుబ్బ పక్కన అది దాదాపు రెట్టింపు వెడల్పుంది. మొత్తం కాలి బొమ్మలో, మోకాలికి నాలుగు వేళ్ళ కింద, పిక్కలోని రెండెముకల్లో సన్నది ఏటవాలుగా విరిగి, అప్పటికే సగం అతుక్కోవడం మొదలుపెట్టి ఉంది.

ఆయన దాని పక్కనే పాత బొమ్మలు తెరిచి చూశాడు. ఆ రోజు పడిన మెలి చీలమండ దగ్గర లోపలి పట్టీని తెంపి, రెండెముకల మధ్య నుంచి పైకి పాకి, అక్కడ ఎముకను విరిచి బయటపడింది. రెండుసార్లూ తను తీసిన బొమ్మ చీలమండ దగ్గరే ఆగిపోయింది. నడవాలో ఎంతమందిని తిట్టుకున్నాడో వాళ్ళందరి పక్కనా తనకూ ఒక చోటు ఉందని ఆ క్షణంలో తెలిసింది.

డాక్టరమ్మే కిందికొచ్చి తెర ముందు నిలబడి చూసింది.

“ఎన్ని వారాలైంది?”

“ఆరు దాటిందండీ.”

“మొదటి రోజే ఇలా తీసుంటే పని తేలికయ్యేది. ఇప్పుడు తెరిచి, శుభ్రం చేసి, సర్ది, స్క్రూలు వెయ్యాలి. ఎంత బాగా వేసినా మునుపటి కాలు కాదు.” ఆవిడ ఆయన వైపు తిరిగింది. “మీకు అనుమానం ఎప్పుడొచ్చింది?”

“మొదటి రోజేనండీ. కొంచెం.”

“మరి రాసి పంపొచ్చుగా?”

“రాయడానికి ఫారంలో గడి లేదండీ.”

డాక్టరమ్మకు కోపమొచ్చిందో జాలేసిందో తెలీలేదు. “వెనక వైపు ఖాళీగానే ఉంటుంది కదయ్యా” అంది.

మూటలక్కకు ఆపరేషను జరిగింది. మూడు నెలలు కాలు కింద పెట్టీ పెట్టకుండా గడిపి, అయిదో నెలలో పనిలోకొచ్చింది. బండి తోయలేదు. ఉతికిన దుప్పట్లు మడతపెట్టే గదిలో కూర్చోబెట్టారు. రోజంతా కదలకుండా కూర్చోవడం ఆమెకు నరకం. “కాలు కోశారు గానీ నోరు కోయలేదు, అదే మీ దురదృష్టం” అని పక్కవాళ్ళను నవ్విస్తుంది. మెట్లు దిగేటప్పుడు మాత్రం ఒక్కొక్క మెట్టు మీదా రెండు పాదాలూ పెట్టి దిగుతుంది. సూపర్వైజరు ఆమెతో ఎప్పుడూ ఆ ఊసెత్తలేదు. తను అన్న మాటలు ఆయనకు గుర్తున్నాయో లేదో కూడా ఎవరికీ తెలీదు.

ఊపిరాయన చీటీల వెనక పెన్సిలుతో రాయడం మొదలుపెట్టాడు. “నొప్పి లోపలివైపు అంటున్నారు. నిలబెట్టి తీస్తే మంచిదేమో.” కొందరు డాక్టర్లు చదివి మళ్ళీ రాసి పంపేవారు. కొందరు చించేసేవారు. ఒకాయన మాత్రం ‘మీరు డాక్టరు ఎప్పుడయ్యారు?’ అని దాని కిందే రాసి తిప్పి పంపాడు.

ఆయన్ని తినేసింది ఇవేవీ కాదు. ఆపరేషను అయ్యేలోపే ఆ డ్యూటీ డాక్టరుకు ఇంకో ఊరికి బదిలీ అయింది. అతనికి ఈ సంగతి ఎవరూ చెప్పలేదు. మూటలక్క కాగితాలు అతని దగ్గరికి పోవు. అతని దృష్టిలో ఆ కేసు బెణుకు, నయమైపోయింది. రేపు అక్కడ ఇంకెవరో వేలు పెట్టి లోపలివైపు చూపిస్తారు, అతను మళ్ళీ బయటివైపే నొక్కుతాడు. ఇది తలుచుకున్నప్పుడల్లా ఊపిరాయనకు అన్నం సహించేది కాదు. చివరికి భార్యే పోరు పెట్టింది.

“నంబరు సంపాదించి మాట్లాడండి. తప్పు దిద్దకపోతే పిల్లాడికి ఎలా తెలుస్తుంది?”

వారం తిరిగి నంబరు సంపాదించాడు. భోజనాల వేళ ఫోను చేశాడు. అవతల జనం గోల, ఎవరో పసిపిల్ల ఏడుపు.

“ఎవరండీ? ఆఁ, ఎక్స్‌రే... గుర్తొచ్చారు, చెప్పండి.”

ఊపిరాయన చెప్పాడు. లాండ్రీ ఆవిడ, కుడి చీలమండ, లోపలి పట్టీ తెగడం, పైన విరిగిన ఎముక, ఆపరేషను, అన్నీ వరస తప్పకుండా చెప్పాడు. ఎక్కడా గొంతు పెంచలేదు.

“ఏ కేసండీ అది? నాకు సరిగా గుర్తు రావట్లేదు” అన్నాడు డాక్టరు. వింటున్నాడు, తప్పించుకోవాలని చూడటం లేదు. నిజంగానే గుర్తు లేదు. “ఆ రోజు ఎక్స్‌రే నార్మలే కదా?”

ఊపిరాయన ఫోను రెండో చెవికి మార్చుకున్నాడు.

“నార్మలే సార్. దాని గురించే ఇందాకటి నుంచి చెప్తున్నాను” అన్నాడు. ఈసారి ఇంకాస్త నెమ్మదిగా, మళ్ళీ మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టాడు.